ఓనరవ్వ, ఎదురుకాళ్ల పిల్ల

మా ఓనరవ్వ పోయిందని మొన్న ఆదివారం ఫోనొచ్చింది. చేసినామె మేడ్చల్‌లో మా పాత వీధి మనిషి. "నిద్రల్నే పోయిందమ్మా, ఎవ్వలికీ తక్లీబు ఇయ్యలే" అంది. నాకు ముందు ఏడుపు రాలేదు, నవ్వొచ్చింది. ఆవిడ సంగతి తెలిసినవాళ్లెవరికైనా నవ్వే వస్తుంది. ఆ నిద్రను కూడా ముందురోజు ఒకసారి పడుకుని చూసుకునే ఉంటుంది అనుకున్నాను. పాపిష్టిదాన్ని, అలాంటి సమయంలో నవ్వేమిటి! ఏడుపు తర్వాతొచ్చింది. వచ్చాక ఆగలేదు, పొయ్యి మీద పప్పు మాడి ఇల్లంతా పొగ కమ్మేదాకా.

"ముందుగాల ఒకపారి ఉత్తగ చేసి సూద్దాం." ఆవిడ నోట్లో రోజుకు పదిసార్లు వచ్చే మాట ఇది. చుట్టాలొస్తున్నారంటే ముందురోజే ఆ వంటంతా వండించి రుచి చూసేది. పెద్ద మనవడి పెళ్లప్పుడు పెళ్లికొడుకు ఊరేగింపు వెళ్లే దారంతా తెల్లారుజామున ఒక్కతే నడిచి వచ్చి, ఎక్కడ కరెంటు తీగ కిందికి వేలాడుతోందో చెప్పింది. వాళ్లబ్బాయి సర్పంచికి నిలబడిన ఏడు ఇంటిల్లిపాదినీ వరండాలో వరసగా నిలబెట్టి, చిత్తుకాగితాల మీద ముద్ర గుద్దించి, మడత పెట్టడం నేర్పించింది. కొడుకే నాలుగుసార్లు మడత తప్పు పెట్టాడు. "నీ ఓటు నీకే వడేటట్టు లేదు" అని అందరిముందూ కడిగేసింది.

మేము గుడివాడ వైపు వాళ్లం. మా వారికి జీడిమెట్లలో మందుల కంపెనీలో ఉద్యోగం. తొంభైల్లో మేడ్చల్‌లో వాళ్లింటి పక్క పోర్షన్‌లో అద్దెకు దిగాం. ఇంటి వెనక ద్రాక్షతోట ఉండేదట. మేము వెళ్లేసరికి తీగలు పీకేసి, ప్లాట్లకు హద్దురాళ్లు పాతేశారు. పందిరికి నిలబెట్టిన రాతి కూసాలు మాత్రం పెరట్లో అడ్డంగా పడి ఉండేవి. అవ్వ కుర్చీలో కూర్చోగా నేనెప్పుడూ చూడలేదు. ఆ కూసం మీదే కూర్చుని కూరగాయలు తరిగేది, కూలీలతో తగువాడేది, కొడుకును చూడ్డానికొచ్చిన నాయకులకు టీ ఇప్పించేది. వెళ్లిన కొత్తలో "మామ్మగారూ" అని పిలిచాను. కత్తిపీట మీంచి లేవకుండానే నన్ను ఎగాదిగా చూసింది.

"మామ్మగారేంది? నేనేమన్న ఆఫీసరునా? అవ్వ అను."

అనడం అలవాటయ్యేసరికి నెల పట్టింది. ఆ తర్వాత నోట్లోంచి ఇంకో పిలుపు రాలేదు.

నాకు కడుపు వచ్చినప్పుడు మా అమ్మకంటే ముందు కనిపెట్టింది ఆవిడే. ఎలాగని అడిగితే, "నువ్వు చాయ తాగుడు బందు జేసినవ్ గదా" అంది. సికింద్రాబాద్‌లో డాక్టరమ్మకు చూపించుకునేదాన్ని. మా వారికి సెలవు దొరకని రోజుల్లో అవ్వ తోడొచ్చేది. వచ్చి ఊరికే కూర్చునే రకం కాదు. డాక్టరమ్మ నాతో చెప్పేవి నాకంటే శ్రద్ధగా వినేది.

ఎనిమిదో నెల చివర్లో స్కానింగ్ చేసి డాక్టరమ్మ పెదవి విరిచింది. "తల పైన ఉంది, కాళ్లు కిందికున్నాయి. అందులో ఒక కాలు చాపుకుని ఉంది. ఇంకా టైముంది, తిరగొచ్చు" అంది. మావైపు ఎదురుకాళ్లు అనే మాట గొంతు తగ్గించి చెప్పుకుంటారు. బస్సులో ఏడుస్తూనే వచ్చాను. అవ్వ ఓదార్చలేదు. కండక్టర్ చూస్తున్నాడన్న బెరుకైనా లేకుండా నా పొట్టకేసి వంగి తగులుకుంది.

"ఏందే పిల్లా, గట్ల గూసున్నవ్? కుర్సీ గిట్ల యేసిర్రా నీకు ఆడ? తల కిందికి వెట్టు. అందరు గట్లనే వచ్చిర్రు. నీకేమన్న అలగ్ దారి ఉన్నదా?"

అప్పటి నుంచి పొద్దునా సాయంత్రం ఇదే తంతు. కూసం మీద నన్ను పక్కన కూర్చోబెట్టుకుని పొట్టతో మాట్లాడేది. ఒకరోజు బుజ్జగింపు, ఒకరోజు తిట్లు, ఒకరోజు బేరం. నీకు గజ్జెలు కొనిపెడతానని ఆశ పెట్టింది కూడా. లోపలున్నది మాత్రం మొండిఘటం. తొమ్మిదో నెల వచ్చాక మళ్లీ స్కానింగ్ తీస్తే అలాగే కూర్చుని ఉంది.

"చేత్తో తిప్పుతారటగా డాక్టరుగారూ?" అని అడిగాను. మాయ ముందువైపుకు అంటుకుని ఉందని, నా విషయంలో బయట నుంచి తిప్పడం ప్రమాదమని చెప్పి, ఆపరేషన్‌కు రోజు నిర్ణయించింది. నేను లేచేశాను. అవ్వ లేవలేదు.

"గా దినం దాక ఆగకుంట ముందుగాల్నే నీళ్లు వోతే ఎట్లమ్మా? పండుకోవాల్నా, కూసోవాల్నా?"

డాక్టరమ్మకు బయట ఇంకా ఇరవైమంది ఉన్నారు. అయినా ఓపిగ్గా చెప్పింది. కాలు కిందికున్న బిడ్డకు ఉమ్మనీరు పోతే బొడ్డుతాడు ముందు జారే భయముందని, తాడు నొక్కుకుపోతే బిడ్డకు ఊపిరాడదని, మోకాళ్లూ మోచేతులూ ఆనించి, తల కిందికీ నడుం పైకీ పెట్టుకుని ఒక్క నిమిషం వృథా చేయకుండా తీసుకురమ్మని. అవ్వ చీరకొంగు బిగించి, అక్కడే గదిలో, గచ్చు మీద మోకాళ్లేసి వంగింది. "గిట్లనా?" డాక్టరమ్మ నవ్వాపుకుంటూ, ఇంకాస్త తల దించాలి అంది. అవ్వ దించింది.

ఇక నా పని అయింది. వాళ్లబ్బాయి జీపులో వెనక సీట్లు తీయించి బొంత పరిచింది. రోజూ సాయంత్రం నన్ను అందులోకి ఎక్కించి మోకాళ్ల మీద వంచేది. తొమ్మిది నెలల పొట్టతో, పిర్రలు గాల్లో పెట్టుకుని, ఎదురింటివాళ్లు చూస్తుండగా! సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. ఒకరోజు కోపం తెచ్చుకుని రానంటే రానని తలుపేసుకున్నాను. ఆవిడ తలుపు బయట కూర్చుని చెప్పింది.

"సిగ్గుకేంది బిడ్డా, రేపు మల్ల తెచ్చుకోవచ్చు. రా, ఒకపారి చేసి సూద్దాం."

వెళ్లాను. ఏం చేస్తాను? అప్పుడే మా వారి చేతిగడియారం తీసుకుని, నన్ను ఇంట్లోనే ఉంచి, సికింద్రాబాద్ దాకా జీపులో ఉత్తుత్తి ప్రయాణం చేసి వచ్చింది. యాభై నిమిషాలు పట్టిందని, సుచిత్ర చౌరస్తా దగ్గరా బోయినపల్లి దగ్గరా లారీలు పీకల మీదికొస్తున్నాయని కొడుకు మీద విసుక్కుంది, లారీలన్నీ అతనివే అయినట్టు.

ఈలోగా మా అమ్మ దిగింది. మావైపు తొలి పురుడు పుట్టింట్లోనే పోయాలి. ఎనిమిదో నెలలో కదిలించకూడదు కాబట్టి తొమ్మిది రాగానే రిజర్వేషన్ చేయించుకుని వచ్చింది. ఎదురుకాళ్ల సంగతి నేను ఉత్తరంలో రాశాను. అమ్మ దానికి కూడా సిద్ధమై వచ్చింది.

"మనూరి మంత్రసాని చేతివాటం నీకు తెలీదే. ఆముదం రాసి అలా నిమిరిందంటే బిడ్డ బంతిలా తిరుగుతుంది. నీ చిన్నత్తకు ఆవిడే తిప్పింది. ఈ కోతలూ కుట్లూ మనకెందుకు?"

నిజం చెబుతున్నాను, నాకు ప్రాణం లేచొచ్చింది. కోత లేదు, జీపు లేదు, మోకాళ్లు లేవు. అమ్మ దగ్గరికి పోతాను, ఎవరో నిమురుతారు, అన్నీ సర్దుకుంటాయి. పెట్టె సర్దడం మొదలుపెట్టాను. అవ్వ గుమ్మంలోకొచ్చి పెట్టె చూసింది, నన్ను చూసింది. పెరట్లో చిక్కుడుకాయలు ఒలుస్తున్న మా అమ్మ దగ్గరికెళ్లి కూసం మీద కూర్చుంది. నేను వెనకే వెళ్లాను.

"అక్కా, నీ బిడ్డను నువ్వు తోల్కవోతనంటే నేనెవర్ని ఆపనీకి? గని ఒక్క ముచ్చట ఇని పో. నాకొక బిడ్డ ఉన్నది, షామీర్‌పేటల ఇచ్చినం. దానికి తొలుసూరు గిట్లనే ఎదురుకాళ్లుండె. మంత్రసానిని నేనే పిలిపిచ్చిన. గామె ఆముదం రాసి రెండు చేతుల్తోని తిప్పవట్టింది. పిల్ల మొత్తుకున్నది, 'అమ్మా ఇడ్వు, అమ్మా ఇడ్వు' అని. నేను కాళ్లు గట్టిగ వట్టుకున్న. ఇంకింత ఓర్సుకో, ఇంకింత ఓర్సుకో అన్న. తిరిగింది. మస్తు సంబురపడ్డం. బెల్లం గూడ పంచిన నేను. తెల్లారిసంది కడుపుల కదల్లే."

మా అమ్మ చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది.

"మగపిల్లగాడు" అంది అవ్వ. "దానికి మల్ల కడుపు రాలే. పన్నెండేండ్లాయె, నాతోని మాట్లాడదు. దాని గడప నేను తొక్కలే. మంత్రసానిది తప్పని ఊర్లె అందరంటరు. నేను గూడ గదే అనుకుంట తిరుగుతున్న."

"మా ఊరావిడ అలాంటిది కాదండీ..." అనబోయింది అమ్మ. నేను రెండు చేతులూ పొట్ట మీద వేసుకుని నిలబడ్డాను. లోపల పిల్ల ఆ క్షణంలో కదలాలని ఎంత గింజుకున్నానో! కదిలింది. కిందివైపు, ఆ మొండికాలితోనే తన్నింది.

అమ్మ లేచి లోపలికెళ్లి, "టికెట్లు వెనక్కిచ్చేయండి బాబూ" అని మా వారితో చెప్పింది. చెప్పి ఏడ్చింది. తొలి పురుడు అద్దెకొంపలో పోశారని నలుగురూ అనరా అని ఆవిడ బాధ ఆవిడది.

"నీకు కావాల్సింది పుట్టింటి పురుడే గదా?" అంది అవ్వ. "తల్లివి నువ్వు ఈడనే ఉన్నవు. నువ్వున్న ఇల్లు దానికి పుట్టిల్లు గాదా ఏంది?"

ఆ సాయంత్రం నేను ఎవరూ పిలవకుండానే వెళ్లి జీపెక్కాను.

ఆపరేషన్‌కు ఇంకా వారముంది. పొద్దున పదింటికి అమ్మ నాకు జడ వేస్తోంది. ఒక్కసారిగా చీరంతా తడిసిపోయింది. మా వారు డ్యూటీలో ఉన్నారు. సర్పంచి ఎలక్షన్ రోజులు కదా, జీపు బజార్లో ప్రచారంలో ఉంది, నెత్తి మీద మైకు కట్టుకుని. అమ్మ గొంతెత్తి కేక పెట్టింది. అవ్వ వచ్చి నన్ను నేల మీదే మోకాళ్లేయించి, "నడుం దించకు" అని ఒక్క మాటని, చెప్పులైనా తొడుక్కోకుండా బజారుకు పరిగెత్తింది. అక్కడ కొడుకు ఉపన్యాసం మధ్యలో ఉన్నాడట. "మేడ్చల్ ప్రజలారా" అన్నవాడి చేతిలోంచి మైకు లాక్కుని, జీపులో ఉన్న కార్యకర్తలను కిందికి దింపేసి, పోస్టర్ల కట్టలు రోడ్డు మీద పారేయించిందట. పది నిమిషాలు కాలేదు, జీపు మా గుమ్మంలో ఉంది.

బొంత మీద నేను మోకాళ్లేశాను. రోజూ చేసిందే కాబట్టి ఎక్కడ చెయ్యి ఆనించాలో, చెంప ఎటు తిప్పాలో వెతుక్కోలేదు. తల దగ్గర అమ్మ, నడుం దగ్గర అవ్వ, మీద ఒక దుప్పటి. కొడుకే నడిపాడు. కొంపల్లి దాటేదాకా బాగానే సాగింది. పేట్ బషీరాబాద్ దగ్గర బండ్లు ఆగిపోయాయి. అవ్వ మైకందుకుంది.

"ఓ లారన్నా! జర పక్కకు జరుగు! ఎదురుకాళ్ల కాన్పున్నదీ బండిల! ఓ బస్సు డ్రైవరూ, నిన్నే, ఇనవడ్తలేదా? నిన్ను గన్నది తల్లే గదా!"

రోడ్డు రోడ్డంతా విన్నది. నా కాన్పు సంగతి సుచిత్రలో ఇడ్లీ తింటున్నవాళ్లకు కూడా తెలిసిపోయింది. "అమ్మా, మైకు నాకియ్యి" అన్నాడు కొడుకు. "నువ్ బండి నడుపు" అంది. సుచిత్ర దగ్గర ట్రాఫిక్ పోలీసు తనే ఎదురొచ్చి బస్సుల్ని వెనక్కి కొట్టించాడు.

అప్పటికే నొప్పులు మొదలయ్యాయి. నొప్పి వచ్చినప్పుడు ఒళ్లు దానంతటదే కిందికి వాలిపోతుంది, దాన్నెవరూ ఆపలేరు. అవ్వ మైకు వదిలేసి రెండు చేతులతో నా నడుం పైకెత్తి పట్టుకుంది. ఆ వయసులో ఆ బలం ఎక్కడిదో! నాకు ఊపిరాడలేదు. "వదిలెయ్యవ్వా! నా వల్ల కాదు, వదిలెయ్!" అని అరిచాను.

చేతులు వదులైపోయాయి. చటుక్కున, నిప్పు తగిలినట్టు తీసేసింది. జీపు చప్పుడులో ఆవిడ గొంతు నాకు సరిగా వినపడలేదు. అంతకుముందెప్పుడూ ఆవిడ అలా చిన్నగా మాట్లాడలేదు.

"ఇడ్వాల్నా బిడ్డా? నువ్వు జెప్పు. నువ్వెట్లంటె గట్ల."

ఒక్క క్షణం. బొంతలోకి మొహం కుక్కుకుని ఉన్నాను. వదిలేస్తే వాలిపోవచ్చు, ఈ బాధ పోతుంది. లోపల పిల్ల గుర్తొచ్చింది.

"వద్దు. పట్టుకో. గట్టిగా పట్టుకో అవ్వా."

పట్టుకుంది. సికింద్రాబాద్ దాకా వదల్లేదు. మర్నాడు చూసుకుంటే నా నడుం మీద రెండువైపులా ఆవిడ వేళ్ల గుర్తులు నల్లగా కమిలి ఉన్నాయి.

ఆసుపత్రిలో డాక్టరమ్మ చెయ్యి పెట్టి చూడగానే, "తాడు జారింది, ఎవరూ కదిలించకండి, ఇలాగే తీసుకెళ్లండి" అని అరిచింది. స్ట్రెచర్ మీద కూడా మోకాళ్ల మీదే వెళ్లాను. ఆ తర్వాత మత్తు. నాకు మెలకువ వచ్చేసరికి పక్కన అమ్మ, ఒళ్లో ఆడపిల్ల. పుట్టగానే ఏడవలేదట. తలుపు బయట అందరూ బిగుసుకుపోయి నిలబడితే, కాసేపటికి సన్నగా మొదలుపెట్టి ఆసుపత్రి ఎగిరిపోయేలా ఏడ్చిందట. పడుకోబెట్టి తెచ్చి ఉంటే బిడ్డ దక్కేది కాదని డాక్టరమ్మ మా వారితో చెప్పింది.

"అవ్వేదమ్మా?" అని అడిగాను. అమ్మ చుట్టూ చూసింది. పిల్ల ఏడుపు వినేదాకా తలుపు దగ్గరే ఉందట. విన్నాక, పిల్లను బయటికి తెచ్చేలోపు, "వస్త" అని మెట్లు దిగి వెళ్లిపోయిందట. కొడుకు జీపులోనే ఉన్నాడు, ఆ జీపూ ఎక్కలేదు. నాకు మనసు చివుక్కుమంది. అంత చేసిన మనిషి పిల్ల మొహమైనా చూడకుండా పోతుందా? రెండోరోజు వచ్చింది, ఎత్తుకుంది, "కుర్సీ దిగినవా ఇగ?" అని పిల్లను దెప్పింది. ఎక్కడికెళ్లావు అంటే పనుంది అంది. నేనూ బింకానికి పోయి మళ్లీ అడగలేదు.

కొడుకు ఎలక్షన్ గెలిచాడు. ఆ రోజు ఉపన్యాసం సగంలో ఆపించబట్టే గెలిచాడని ఆవిడ వాదన.

ఇరవై ఒకటోరోజు ఆ ఇంట్లోనే బారసాల చేశాం. భోజనాలవేళకు ఒకావిడ వచ్చింది. ముప్ఫై దాటిన మనిషి, అవ్వ ముక్కు, అవ్వ నుదురు. ఎవరూ చెప్పకుండానే తెలిసిపోయింది నాకు. అవ్వ వంటవాళ్ల మీద అరుస్తోంది, ఆ అరుపు మధ్యలోనే ఆగిపోయింది. వచ్చినావిడ తిన్నగా నా దగ్గరికొచ్చి కూర్చుంది.

"గీ పిల్లేనా?"

అవునన్నాను. ఎత్తుకుంది. గుడ్డ తప్పించి పాదాలు చూసింది, ఒకటి, తర్వాత ఇంకొకటి. ఎంతసేపు చూసిందో!

"మా అమ్మ నీకు జెప్పిందా, గా దినం ఏడికి వోయిందో?"

"లేదక్కా. అడిగినా చెప్పలేదు."

"మా ఇంటికొచ్చింది. దవాఖాన్లకెల్లి బస్సెక్కి సీదా షామీర్‌పేటకొచ్చింది. కాళ్లకు చెప్పుల్లెవ్వు, చీరంత మరకలు. నాకేమో ఎవలో వోయిర్రనిపిచ్చింది. లోపలికి రాలే, తలుపుల్నే నిలవడ్డది. 'మంత్రసానిది గాదు బిడ్డా. నువ్వు ఇడ్వుమంటే ఇడ్వంది నేను. తప్పు నాది' అన్నది. పన్నెండేండ్ల నుంచి గా మాట కోసమే సూస్తున్న నేను."

"మీరేమన్నారక్కా?"

"ఏమంట? పొద్దుగాల్నుంచి ఏం తినలేదని మొకం జూస్తేనే ఎరుకైంది. లోపలికి వట్టుకొచ్చి అన్నం వెట్టిన." పిల్ల రెండు పాదాలూ అరచేతిలో పెట్టుకుని మూసింది ఆవిడ. "తిన్నది. ముద్ద ముద్దకు నా దిక్కు జూసుకుంట, 'బతికింది బిడ్డా, గా పిల్ల బతికింది' అని ఒక్కటే ఏడుసుడు."